మెదడుకు ఇంధనము

మానవుని మెదడు తూకము శరీరపు తూకములో నూటికి 2 వంతులే. కాని విశ్రాంతి వేళ శరీరము వ్యయపరచు శక్తిలో నూటికి 20 వంతులు అదియే తీసికొనుచున్నది. గాదె లేని ఇంటివలె దానికి నిలువ స్వల్పము. రక్తము తెచ్చు గ్లూకోజే నిత్యాధారము.

ఈ గ్లూకోజును రక్తమునుండి మెదడులోనికి దాటించు ప్రోటీను ఒకటి కలదు. పుట్టుకతోనే ఆ దాటింపు లోపించిన ఇద్దరు శిశువులను గూర్చి 1991లో న్యూయార్కు వైద్యుడు డెవీవో, ఆయన సహచరులు వెల్లడించిరి. రక్తములో చక్కెర సరిగానే యున్నది. మెదడు చుట్టునుండు ద్రవములో తక్కువ. కాలువ నిండుగా పారుచున్నను పొలము తూము మూసియున్నట్లు! ఫలితము మూర్ఛలు, ఎదుగుదలలో జాప్యము.

క్రొవ్వు హెచ్చుగా, పిండిపదార్థము మిక్కిలి తక్కువగా నుండు ఆహారమిచ్చినచో కాలేయము కీటోనులను తయారుచేయును. అవి వేరు త్రోవన మెదడు చేరును. 1921లో మేయో క్లినిక్ వైద్యుడు వైల్డర్ మూర్ఛలకు సూచించిన పథ్యమిదియే. వైద్యుల పర్యవేక్షణ లేక ఇంట ప్రయత్నింపరాదు.

వ్యాధి అరుదే. అయినను పరగడుపున మూర్ఛవచ్చి, తిన్న పిదప తేరుకొను బిడ్డకు గాలి సోకినదని తాయెత్తులు కట్టుచు నెలలు గడుపుట తగదు. ఎదుగు మెదడుకు అది తీరని నష్టము. అట్టి బిడ్డ గ్రామమున నున్నచో, సభ్యులు తల్లిదండ్రులకు నచ్చజెప్పి నరముల వైద్యులున్న పెద్ద ఆసుపత్రికి పంపవలెను. వెన్నునీటి పరీక్ష అచ్చట చేయుదురు. మూర్ఛ వచ్చిన వేళలు, భోజన వేళలు వ్రాసి ఇచ్చినచో వైద్యునకు ఎంతయు తోడ్పడును.