వీడియో డోర్ ఫోన్: గోడ పూతకు ముందే తీగ వేయడం మేలు

అభన్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): ఒకప్పుడు నారోగేజ్ రైలు నడిచిన ఈ చిన్న పట్టణానికి 2025 మార్చి 30న రాయపూర్ నుంచి బ్రాడ్‌గేజ్‌పై మెము రైలు ప్రారంభమైంది. ఉదయం రాజధానికి వెళ్లి సాయంత్రం తిరిగివచ్చే ఉద్యోగుల ఇళ్లలో పగలంతా వృద్ధులో, గృహిణులో ఒంటరిగా ఉండవలసి వస్తుంది. వచ్చినవారెవరో తెలియకుండా వారు గడియ తీయనవసరం లేకుండా చేసేదే వీడియో డోర్ ఫోన్.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. న్యూయార్క్‌కు చెందిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు, తరచు ఇంట్లో ఒంటరిగా ఉండవలసి రావడం, పిలిచినా పోలీసులు సకాలంలో రాకపోవడం వల్ల భర్త ఆల్బర్ట్‌తో కలిసి ఇటువంటి ఏర్పాటును రూపొందించారు. 1966లో దరఖాస్తు చేయగా 1969 డిసెంబర్ 2న వారికి పేటెంటు లభించింది. తలుపుకు నాలుగు రంధ్రాలు, వాటి వెనుక పైకీ కిందికీ కదిలే కెమెరా, గదిలో టీవీ తెర, మాట్లాడేందుకు మైకు, దూరం నుంచే తలుపు తెరిచే మీట అందులోని ప్రధానాంశాలు.

నేడు సాధారణ రకాలలో వెలుపలి కెమెరాను లోపలి తెరతో నాలుగు తీగలు కలుపుతాయి. ఒకటి విద్యుత్తుకు, ఒకటి చిత్రానికి, ఒకటి మాటకు, నాలుగవది ఉమ్మడి ఎర్త్‌కు. ఈ తీగలను 230 వోల్టుల తీగలున్న గొట్టంలో వేయరాదు. వేస్తే చిత్రంలో చారలు, మాటలో గరగర వినిపించడమే కాక ప్రమాదం కూడా. కనుక ప్రత్యేక గొట్టాన్ని గోడ పూతకు ముందే అమర్చుకోవడం మంచిది. కెమెరాను సుమారు అయిదడుగుల ఎత్తులో, ఎండ సూటిగా పడని చోట బిగించాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది తాళం ఎంపిక. అయస్కాంత తాళం కరెంటు ఉన్నంతసేపే తలుపును పట్టి ఉంచుతుంది. బ్యాటరీ లేకుంటే, కరెంటు పోగానే వదిలేస్తుంది. మరో రకం కరెంటు అందినప్పుడే తెరుచుకుంటుంది. కరెంటు పోతే మూసుకునే ఉంటుంది. మొదటి రకంతో దొంగల భయం, రెండవ రకంతో అగ్నిప్రమాద సమయంలో లోపల చిక్కుకునే భయం ఉన్నాయి. అందువల్ల మొదటిదానికి బ్యాటరీతోపాటు దాని సరఫరాను లోపలి నుంచి తెంచే మీట, రెండవదానికి లోపలివైపు చేతితో తీయగల పిడి, వెలుపల తాళంచెవి తప్పనిసరి. పని పూర్తికాగానే మెయిన్ స్విచ్ ఆపి తలుపు తెరిచి చూపవలసిందిగా ఎలక్ట్రీషియన్‌ను గృహస్థులు కోరడం శ్రేయస్కరం.