గర్భసంచి తీసేస్తే తీరేది కాదు: ముట్లుడిగే వయసులో దళిత స్త్రీల ఆరోగ్యం

సిద్దిపేట జిల్లా మద్దూరు లాంటి మండలంలో నలభై దాటిన దళిత స్త్రీతో ఆరోగ్యం గురించి మాట్లాడితే, ముట్లుడిగే దశ గురించి కంటే ముందు గర్భసంచి ఆపరేషన్ గురించి వినాల్సి వస్తుంది. లెక్కలూ అదే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.3 శాతం. తెలంగాణలో 8.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం. అంతకుముందు 2015-16 సర్వేలో, దేశంలో ఈ ఆపరేషన్ అయినవాళ్లలో సగం మందికి 34 ఏళ్లలోపే అయింది. సహజంగా ముట్లు ఆగడానికి ఇంకా పదేళ్ల పైనే ఉన్న వయసు అది.

మన దేశంలో సగటున 46-47 ఏళ్లకు ముట్లు ఆగుతాయి. పన్నెండు నెలలు వరుసగా రాకపోతే ఆగినట్టు లెక్క. దానికి ముందు నాలుగైదేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం, శరీరం మారుతూ ఉంటుంది. ఈ దశనే డాక్టర్లు పెరిమెనోపాజ్ అంటారు. ఇందులో ఈస్ట్రోజన్ మెట్లు దిగినట్టు నెమ్మదిగా తగ్గదు. ఒక నెల బాగా పెరిగి, మరో నెల పడిపోతుంది. మెదడులో మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ వంటి రసాయనాల మీద ఈ ఎగుడుదిగుడు ప్రభావం ఉంటుంది. అందుకే కారణం లేకుండా ఏడుపు రావడం, చిన్నమాటకే కోపం రావడం, గుండె దడ, మతిమరుపు. ఒంట్లోంచి సెగలు లేచి, రాత్రి చెమటతో బట్టలు తడిసి నిద్ర తెగిపోతుంది. నిద్ర లేని మనిషికి మర్నాడు మనసు బాగుండమంటే ఎట్లా బాగుంటుంది? బాలింతతనంలోనో మరెప్పుడో డిప్రెషన్ వచ్చినవాళ్లకు ఈ దశలో మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ.

ఇదంతా అన్ని కులాల స్త్రీలకూ వచ్చేదే. తేడా ఎక్కడంటే, దానికి పెట్టే పేరులో. ఉద్యోగం చేసే పట్నం స్త్రీకి ‘హార్మోన్ల సమస్య’ అవుతుంది. వాడలో స్త్రీకి నోరెక్కువ అవుతుంది, గాలి సోకడం అవుతుంది. దళిత స్త్రీ కోపాన్ని ఆమె కులానికే అంటగట్టే అలవాటు ఊళ్లకు ఎప్పటినుంచో ఉంది కాబట్టి, అది రోగలక్షణం కావచ్చని ఎవరికీ తోచదు. ఆమెకూ తోచదు.

ఎండలో పత్తి ఏరే మనిషికి ఒంటి సెగలంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ‘చల్లని గదిలో ఉండండి, ఒత్తిడి తగ్గించుకోండి’ అనే పత్రికల సలహాలు ఆమె కోసం రాసినవి కావు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట నీడ, తాగునీరు, విశ్రాంతి ఉండాలని రాసింది. అవి అడగడం కూడా ముట్లుడిగే దశ వైద్యంలో భాగమే అని నేననుకుంటాను.

రక్తస్రావం ఎక్కువైందని పోతే, ‘క్యాన్సర్ వస్తది, తీసేద్దాం’ అని భయపెట్టడం తెలంగాణలో పాత కథ. ఉమ్మడి మెదక్ జిల్లాలో ఇట్లా అవసరం లేకుండా చేసిన ఆపరేషన్ల గురించి డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి ఏళ్ల కిందే రాశారు. గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కరోజులో పడిపోతుంది. ఏళ్ల మీద రావలసిన లక్షణాలు వారాల్లో వస్తాయి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా, ముట్లుడిగే దశ కొంత ముందుగా రావచ్చు. కోపమూ దిగులూ తగ్గించుకోవడానికి గర్భసంచి తీయించుకోవడం అసలు వైద్యమే కాదు.

మరి వైద్యం ఏమిటి? నలభై అయిదు దాటి లక్షణాలు ఉంటే సాధారణంగా ఖరీదైన హార్మోన్ పరీక్షలు అక్కర్లేదు. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ మాత్రం చూడాలి. తెలంగాణలో 57.6 శాతం స్త్రీలకు రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. ఆ నీరసాన్నీ ఈ నీరసాన్నీ కలిపి చూస్తే రెండిటికీ మందు దొరకదు. లక్షణాలు తీవ్రంగా ఉంటే హార్మోన్ చికిత్స పనిచేస్తుంది. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ కూడా ఇవ్వాలి, లేనివాళ్లకు సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటి చాలు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, రక్తం గడ్డకట్టే జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, కారణం తేలని రక్తస్రావం అవుతున్నవాళ్లు వాడకూడదు. ఆర్ఎంపీ దగ్గర తీసుకునే మందు కాదిది. కొన్ని డిప్రెషన్ మందులు మనసుకే కాదు, ఒంటి సెగలకూ పనిచేస్తాయి. కల్లు, సారా నిద్రను ఇంకా చెడగొడతాయి. బీడీ, చుట్ట తాగేవాళ్లకు ముట్లు ఏడాది రెండేళ్లు ముందే ఆగుతాయి. ఏడాది ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించాలి. చచ్చిపోవాలనిపిస్తే టెలి మానస్ నంబరు 14416, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడవచ్చు.

2023 మార్చి 8న రాష్ట్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ పథకంలో ముట్లుడిగే దశకు హార్మోన్ చికిత్స, కౌన్సెలింగ్ కూడా ఉన్నాయి. కాగితం మీద ఇది మంచి పథకం. దీనికి పెట్టిన రోజు మంగళవారం. కూలికి పోయే మనిషికి మంగళవారం అంటే ఒకరోజు కూలి. సర్వే మహానుభావులేమో ఆపరేషన్ లెక్క 49 ఏళ్ల దగ్గరే ఆపేశారు కాబట్టి, యాభై దాటిన వాళ్లు అందులో లేనే లేరు.

2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు, డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్‌లో తీర్పు ఇస్తూ, అనవసర గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలు చేయాలని చెప్పింది. వాటి ప్రకారం జిల్లా స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. సిద్దిపేటలో ఆ కమిటీ ఎన్నిసార్లు కూర్చుంది, ఏ ఆసుపత్రి లెక్కలు చూసింది అని సమాచార హక్కు కింద అడగడానికి పది రూపాయలు చాలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. దానితో పాటు, ఆపరేషన్ అయిన స్త్రీలు తమ డిశ్చార్జి కాగితంలో అండాశయాలు తీశారా, ఉంచారా అని చదివించుకోవాలి. ఇంగ్లిష్‌లో ఉన్న ఆ ఒక్క లైను చదివి చెప్పే పని వాడలో చదువుకున్న పిల్లలు ఈ వారమే మొదలుపెట్టవచ్చు.