గోధుమ సరిపడని బిడ్డ: సీలియాక్ వ్యాధి నిర్ధారణ అయిన ఇంట తెలుసుకోవలసిన సంగతులు

కొరాపుట్ జిల్లాలోని లక్ష్మీపూర్ పరిసర గ్రామాలలో అన్నం, చోడంబలి, సామలు తరతరాల ఆహారం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేంతవరకు మద్రాసు రాజధానిలో భాగమై ఉన్న ఈ సీమలో తెలుగువారు, ఒడియావారు, గిరిజనులు ఇరుగుపొరుగున జీవిస్తున్నారు. వరి, చోళ్లు పండే ఇటువంటి చోట గోధుమ మూలంగా వచ్చే వ్యాధి గురించి మాట్లాడడం వింతగా తోచవచ్చు. కానీ బిస్కట్టు, ఉప్మా రవ్వ, మైదా, సేమ్యా చేరని పల్లె నేడు లేదు. అందువలన, ఈ వ్యాధి ఈ ప్రాంతంలో అరుదే అయినప్పటికీ, నిర్ధారణ అయిన ఒక్క ఇంటికైనా దానిని గురించిన అవగాహన అత్యవసరం.

వ్యాధి స్వరూపం

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. పిండిని తడిపినప్పుడు జిగురుగా సాగేటట్లు చేసేది ఇదే. సీలియాక్ వ్యాధి ఉన్నవారి శరీరం ఈ గ్లూటెన్‌ను శత్రువుగా భావించి, దానితో పోరాడే క్రమంలో తన చిన్నప్రేగునే గాయపరచుకుంటుంది. చిన్నప్రేగు లోపలి గోడపై మఖమలు గుడ్డ నూగు వలె ఉండే ఆంత్రచూషకాలు అరిగిపోతాయి. ఆహారసారాన్ని రక్తంలోకి పీల్చుకొనేవి అవే. అవి దెబ్బతిన్న తరువాత ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

పిల్లలలో విరేచనాలు, పొట్ట ఉబ్బడం, బరువు పెరగకపోవడం, ఎత్తు ఎదగకపోవడం, చికాకు కనిపిస్తాయి. పెద్దలలో కొందరికి విరేచనాలు ఉండవు. మందులకు లొంగని రక్తహీనత, ఎముకల బలహీనత, అలసట, నోటిపూత మాత్రమే ఉండవచ్చు. ఇది అంటువ్యాధి కాదు, ఎవరి దిష్టీ కాదు, తల్లి వండిన వంటలోని లోపమూ కాదు. పుట్టుకతో వచ్చే కొన్ని జన్యు లక్షణాలు ఉన్నవారిలోనే ఇది కలుగుతుంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానంలో దాదాపు పదిమందిలో ఒకరికి ఉండే అవకాశం ఉన్నందున, ఇంట ఒకరికి నిర్ధారణ అయినప్పుడు మిగిలినవారు కూడా రక్తపరీక్ష చేయించుకొనడం మంచిది.

కరవు నేర్పిన పాఠం

ఈ వ్యాధి లక్షణాలను 1888లో లండను వైద్యుడు శామ్యూల్ గీ స్పష్టంగా వర్ణించాడు. అయితే కారణం గోధుమ అని తేల్చినవాడు హాలెండు పిల్లల వైద్యుడు విల్లెం డికే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1944–45 శీతకాలపు కరవులో, ఆ దేశంలో రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ వ్యాధి ఉన్న పిల్లలు మాత్రం కోలుకున్నారు. మళ్లీ రొట్టె రాగానే జబ్బు తిరగబెట్టింది. అంతకుముందే గోధుమను అనుమానించిన డికే, తన పరిశీలనలను 1950లో సిద్ధాంత గ్రంథంగా సమర్పించాడు. గోధుమను మానిపించే చికిత్స అప్పటినుండి స్థిరపడింది.

మన దేశంలో గోధుమ తినే ఉత్తరాదిన ఈ వ్యాధి ఎక్కువ. 2016లో ప్రచురితమైన ఒక విస్తృత అధ్యయనంలో, ఈ వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు ఉత్తర భారతంలో నూటికి 1.23 మందిలోను, ఈశాన్యంలో 0.87 మందిలోను, దక్షిణాదిన 0.10 మందిలోను కనిపించాయి. అరుదుగా ఉండడమే మన ప్రాంతంలో మరొక చిక్కు. మలేరియా, సికిల్ సెల్, నులిపురుగులు సాధారణమైన కొరాపుట్ వంటి జిల్లాలో పాలిపోయిన బిడ్డను చూసిన వెంటనే ఎవరికైనా అవే స్ఫురిస్తాయి. ముందుగా వాటిని పరీక్షించడం సరియైనదే. అయితే వాటికి చికిత్స జరిగినా, ఇనుము మాత్రలు వాడినా బిడ్డ తేరుకోనప్పుడు ఈ వ్యాధి సంగతి వైద్యుని అడగవలసి ఉంటుంది.

పరీక్షకు ముందే గోధుమ మానరాదు

అనేక కుటుంబాలు చేసే పొరపాటు ఇక్కడే ఉన్నది. అనుమానం కలిగిన వెంటనే గోధుమ మానిపించి, తరువాత పరీక్షకు వెళతారు. గ్లూటెన్ తినడం మానితే రక్తంలోని ప్రతిరక్షకాలు తగ్గి, ప్రేగు మానడం మొదలై, వ్యాధి ఉన్నా లేదని ఫలితం రావచ్చు. కాబట్టి మామూలుగా తింటున్నప్పుడే టీటీజీ అనే రక్తపరీక్ష చేయించాలి. అవసరాన్నిబట్టి వైద్యులు ఎండోస్కోపీ ద్వారా చిన్నప్రేగు నుండి చిన్న ముక్కలు తీసి పరిశీలిస్తారు. నిర్ధారణ అయిన తరువాత పథ్యం యావజ్జీవం కనుక, ఊహమీద పథ్యం మొదలుపెట్టడం కంటే రుజువైన తరువాత మొదలుపెట్టడమే శ్రేయస్కరం.

మన పొలంలోనే ఉన్న మందు

ఈ వ్యాధికి మాత్ర లేదు. గ్లూటెన్‌ను పూర్తిగా విడిచిపెట్టడమే చికిత్స. పంజాబులోని కుటుంబానికి ఇది జీవితాన్ని తలకిందులు చేసే మాట. లక్ష్మీపూర్ కుటుంబానికి అంత కష్టం కాదు. బియ్యం, చోళ్లు, సామలు, కొర్రలు, జొన్నలు, మొక్కజొన్న, కందులు, మినుములు, పెసలు, శనగలు, దుంపలు, కూరగాయలు, పండ్లు, పాలు, గుడ్లు, చేపలు, మాంసం వీటిలో గ్లూటెన్ లేదు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానంగా గుర్తించింది. ఈ జిల్లాకు చెందిన కమలా పూజారి దేశవాళీ వరి విత్తనాలను కాపాడినందుకు 2019లో పద్మశ్రీ పొందారు. 2017లో ప్రారంభమైన ఒడిశా మిల్లెట్ మిషన్ చోళ్ల సాగుకు ఊతమిచ్చింది. పట్టణంలో అధిక ధరకు అమ్మే గ్లూటెన్ లేని రొట్టెలు, బిస్కట్ల కోసం అప్పు చేయవలసిన పని లేదు. ఇడ్లీ, దోశ, చకులి పిఠా, అట్లు, చోడంబలి, మాండియా పేజ్, పెసరట్టు, అరిసెలు, జంతికలు ఇంట్లో శుభ్రంగా చేసుకుంటే చాలు.

దాగి ఉన్న గోధుమ

కష్టమంతా కంటికి కనబడని గోధుమతోనే. పూరీ, చపాతీ, పరోటా, బ్రెడ్, సమోసా, కాజాలు అందరికీ తెలుస్తాయి. బొంబాయి రవ్వ గోధుమ నుండే వస్తుందని, సేమ్యా సాధారణంగా గోధుమదేనని, కాకరా పిఠాకు వాడే సుజి కూడా అదేనని కొందరు మరచిపోతారు. బజారులోని ఇంగువపొడిలో తరచుగా మైదా కలుపుతారు. హార్లిక్స్ వంటి పానీయాలలో మాల్టు చేసిన బార్లీ ఉంటుంది. బండి మీద నూడుల్సు, వాటిలో వేసే సోయా సాసు కూడా పనికిరావు.

చిన్నపిల్లల విషయంలో అంగన్‌వాడీ ఆహారాన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఒడిశా అంగన్‌వాడీలలో ఇంటికిచ్చే ఛతువాలో గోధుమ ప్రధానమైన భాగం. తెలంగాణ ఇచ్చే బాలామృతంలో కూడా గోధుమ ఉన్నది. పుష్టికోసం ఇచ్చే పిండి ఈ ఒక్క బిడ్డకు మాత్రం హానిచేస్తుంది. వైద్యుని చీటీ చూపి అంగన్‌వాడీ కార్యకర్తకు విషయం తెలిపి, బిడ్డకు గుడ్డు, అన్నం మాత్రమే పెట్టమని కోరాలి. వసతిగృహంలో చదివే పిల్లల విషయంలో వంటవారికి, వార్డెనుకు కూడా ముందే చెప్పి ఉంచాలి. ఉదయపు ఉప్మా, పూరీల స్థానంలో అటుకులో, అన్నమో పెట్టమనవచ్చు.

పొట్లాల మీద వీట్, ఆటా, మైదా, సుజి, బార్లీ, మాల్ట్ అనే మాటల కోసం వెదకాలి. ఒడియాలో గోధుమను గహమ అంటారు. గ్లూటెన్ రహితమని ముద్రించిన వస్తువులో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని మన దేశపు నిబంధన.

పిండిమర, జల్లెడ, నూనె

చోళ్లు సురక్షితమే, అదే మరలో అంతకుముందు గోధుమలు ఆడించి ఉంటే ఆ చోడిపిండి సురక్షితం కాదు. మరలో మిగిలిన గోధుమపిండి దానిలో కలుస్తుంది. వీలైతే ఇంటి తిరగలిలో విసురుకొనడం, లేదా వరి, చోళ్లు మాత్రమే ఆడించే మరకు తీసుకొని వెళ్లడం ఉత్తమం. పిండి జల్లెడ, చపాతీ పీట, అప్పడాల కర్ర వేరుగా ఉంచాలి. పూరీలు వేయించిన నూనెలో బిడ్డకు గారెలు వేయరాదు. ఇంటిల్లిపాదీ గోధుమ మానవలసిన అవసరం లేదు గాని, బిడ్డ వంట ముందుగా ముగించి మూతపెట్టి ఉంచడం మంచి అలవాటు.

నాన్నమ్మ ప్రేమ, దేవుని ప్రసాదం

పథ్యం చెడిపోయేది ఎక్కువగా ప్రేమ వలననే. ఒక్క బిస్కట్టుకు ఏమవుతుందని నాన్నమ్మ అనుకుంటుంది. ఆ ఒక్కటి కూడా ప్రేగును గాయపరచగలదు. వెంటనే కడుపునొప్పి రాకపోయినా లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది. అందువలన వైద్యుని వద్దకు తల్లితోపాటు ఇంటి పెద్దలను కూడా తీసుకొని వెళ్లడం మేలు.

అన్నవరం సత్యదేవుని ప్రసాదం గోధుమ నూకతోనే చేస్తారు. ఇంట సత్యనారాయణ వ్రతం చేసుకొనేవారు ఆ బిడ్డకు పండో, తీర్థమో, కొబ్బరిముక్కో ఇవ్వవచ్చు; కన్నులకు అద్దుకొని పక్కవారికి ఇచ్చినా భక్తికి లోటు రాదు. చర్చిలో ఇచ్చే రొట్టె గోధుమదైతే పాస్టరుతో ముందుగా మాట్లాడవచ్చు. పెళ్లిళ్లకు బిడ్డను మాన్పించనవసరం లేదు. వడ్డన మొదలుకాక ముందే తెల్లన్నం, పెరుగు, పండు తీసి ఉంచితే పదిమందితో కలిసి పంక్తిలో కూర్చోగలుగుతుంది.

కోలుకొనే కాలం

పథ్యం సరిగా నడిస్తే కొన్ని వారాలలో ఆకలి, ఉత్సాహం పెరుగుతాయి. ప్రేగు పూర్తిగా మానడానికి నెలలు, పెద్దలలో కొన్ని సంవత్సరాలు కూడా పట్టవచ్చు. తొలినాళ్లలో పాలు పడకపోతే కొంతకాలం తగ్గించి, తరువాత మళ్లీ ఇవ్వవచ్చు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, కాల్షియం, డి విటమిను అవసరమా అన్నది వైద్యులు పరీక్షించి చెబుతారు. ఆరు నెలలకు ఒకసారి, ఏడాదికి ఒకసారి రక్తపరీక్ష చేస్తే పథ్యం ఫలిస్తున్నదీ లేనిదీ తెలుస్తుంది. బరువు, ఎత్తు ఒక పుస్తకంలో రాసి ఉంచుకోవాలి.

బిడ్డ పెద్దదయ్యాక తన పథ్యాన్ని తానే కాపాడుకోవలసి ఉంటుంది. కాబట్టి ఏది తినవచ్చునో, ఏది తినరాదో, ఎందుకు తినరాదో చిన్ననాటినుండే దానికి నేర్పాలి. పరుల ఇంట వద్దనడం మర్యాదకు భంగం కాదని, సిగ్గుపడవలసిన విషయం కాదని తెలియజెప్పాలి. ఆ మాట ధైర్యంగా చెప్పగలిగిన బిడ్డకు ఈ కొండసీమ వరి, చోళ్లు, సామలే సంపూర్ణమైన ఆహారం.