జన్యువుకు పేరుంటే చాలదా? శనగ జీనోమ్ చెప్పే చిరునామాల కథ

దిల్లీలో మునిర్కాకు దగ్గర్లోని అరుణా అసఫ్ అలీ మార్గ్‌లో జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధన సంస్థ (ఎన్‌ఐపీజీఆర్) ఉంది. ఈ సంస్థ శాస్త్రవేత్తలు 2013లో దేశీ శనగ రకం ఐసీసీ 4958 జీనోమ్ ముసాయిదాను ప్రచురించారు. అందులో 27,571 జన్యువులను గుర్తించారు. అదే ఏడాది పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలోని బృందం కాబూలీ రకం సీడీసీ ఫ్రాంటియర్ జీనోమ్‌ను వెల్లడించింది. అక్కడ లెక్క 28,269.

పంట ఒక్కటే, పటాలు రెండు. మరి ఒక పటంలోని జన్యువును రెండో దాంట్లో వెతకడం ఎలా?

పాస్‌బుక్ లాంటిదే

జీనోమ్ అంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో సాగే కోట్ల అక్షరాల వరుస. అందులో ఏది జన్యువో చూడగానే తెలియదు. పొలానికి పట్టాదారు పేరొక్కటే చాలదు కదా. ఊరు, సర్వే నంబరు, హద్దులు కూడా కావాలి. జన్యువుకూ అంతే.

బయోపైథాన్ వంటి సాఫ్ట్‌వేర్లు ఆ వివరాలన్నింటినీ ఒకే 'ఆబ్జెక్ట్'గా కట్టి ఉంచుతాయి. రకం, మొదలు, చివర, డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఏది, పేరు, ఇతర వివరాలు అన్నీ అందులోనే ఉంటాయి. జన్యువు ముక్కలు ముక్కలుగా ఉంటే, ఒకే పట్టాలో అనేక కమతాలు ఉన్నట్టు, ఆ హద్దులన్నీ ఒక్క ఆబ్జెక్ట్‌లోనే ఇముడుతాయి. మూల వరుసను అందిస్తే తన అక్షరాలను అదే తీసిస్తుంది. ఎదురు పోగుపై ఉంటే తిప్పి మరీ ఇస్తుంది.

ఒక్క అంకె తేడా

జీఎఫ్‌ఎఫ్3 ఫైళ్లు అక్షరాలను 1 నుంచి లెక్కిస్తాయి. పైథాన్ 0 నుంచి లెక్కిస్తుంది. ఫైల్లో '101 నుంచి 400' అని ఉన్న భాగం పైథాన్‌లో '100 నుంచి 400' అవుతుంది. రెండింట్లోనూ 300 అక్షరాలే. మార్చడం మరిచిపోతే మొదటి అక్షరం పోతుంది. ప్రొటీన్ మొదలయ్యే ఏటీజీ కాస్తా టీజీ అవుతుంది. అక్షరాలను మూడేసి చొప్పున చదవాలి కాబట్టి, ఆ తర్వాతి చదువంతా తప్పుతుంది. ఆబ్జెక్ట్‌లో ఈ మార్పిడి ఒక్కచోటే జరుగుతుంది. ప్రతి పరిశోధకుడూ విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

పేర్లతోనూ చిక్కులే. ఎక్సెల్ కొన్ని మానవ జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేసేది. అందుకే 'మార్చ్1'ను 'మార్చ్‌ఎఫ్1'గా, 'సెప్ట్1'ను 'సెప్టిన్1'గా జన్యు నామకరణ కమిటీ మార్చింది.

రైతుకేం సంబంధం?

ఎండు తెగులును తట్టుకునే శనగను పెంచాలంటే, ఆ గుణానికి గుర్తుగా పనికొచ్చే డీఎన్‌ఏ భాగం మొక్కలో ఉందో లేదో పరీక్షించాలి. చిరునామా తప్పితే పరీక్ష తప్పు చోట జరుగుతుంది. తప్పు మొక్కలను ఎంచుకుంటే ఒక పంటకాలం వృథా.

రీసర్వే జరిగితే సర్వే నంబర్లు మారినట్టే, జీనోమ్‌ను మళ్లీ కూర్చినప్పుడు చిరునామాలు మారతాయి. అందుకే జన్యువు స్థానం రాసేటప్పుడు అది ఏ రకానిది, ఏ వెర్షన్ పటంలోనిది అనేది తప్పక చేర్చాలి. ఆ రెండూ లేని అంకె, ఊరి పేరు లేని సర్వే నంబరు లాంటిదే.