డ్రైవర్ గది లేని రైలు: లండన్ డీఎల్‌ఆర్

తూర్పు లండన్‌లోని పాత ఓడరేవుల మీదుగా నడిచే తేలికపాటి రైలు మార్గం పేరు డాక్‌లాండ్స్ లైట్ రైల్వే. క్లుప్తంగా డీఎల్‌ఆర్ అంటారు. సరుకు రవాణా కంటైనర్లకు మారాక పెద్ద ఓడలు థేమ్స్ నదిపై ఉన్న ఈ పాత రేవుల్లో పట్టలేదు. 1981 నాటికి రేవులన్నీ మూతపడ్డాయి. ఆ ప్రాంతాన్ని మళ్లీ నిలబెట్టడానికి ప్రభుత్వం అదే ఏడాది ఒక అభివృద్ధి సంస్థను ఏర్పాటు చేసింది. భూగర్భ రైలుకు ఖర్చెక్కువని తేలికపాటి రైలును ఎంచుకున్నారు.

1840లో మొదలైన లండన్–బ్లాక్‌వాల్ రైల్వే ఇటుక కమానుల వంతెనలు కొత్త రైలుకు పనికొచ్చాయి. బండ్లు తేలికైనవి కాబట్టి ఇరుకు మలుపులు తిరగగలవు, నిటారు వాలులు ఎక్కగలవు. అందుకే మొత్తం 7.7 కోట్ల పౌండ్లతో పని పూర్తయింది. 1987 ఆగస్టు 31న 11 రైళ్లు, 15 స్టేషన్లతో ప్రయాణాలు మొదలయ్యాయి. టవర్ గేట్‌వే నుంచి ఒకటి, స్ట్రాట్‌ఫర్డ్ నుంచి మరొకటి, రెండు దారులూ దక్షిణాన ఐలండ్ గార్డెన్స్‌కు చేరేవి.

ఈ రైలుకు డ్రైవర్ గది ఉండదు. ముందు అద్దం దగ్గర సీట్లలో ప్రయాణికులే కూర్చుంటారు. నడిపేది కంప్యూటర్. రైల్లో ఉండే ఉద్యోగి టికెట్లు చూస్తాడు, తలుపులు మూయిస్తాడు. అవసరమైతే ముందుభాగంలో తాళం వేసి ఉన్న ప్యానెల్ తెరిచి తానే బండి నడుపుతాడు. 750 వోల్టుల డీసీ విద్యుత్తు పక్కనున్న మూడో పట్టా నుంచి అందుతుంది. రైలు ఆ పట్టాను కింది నుంచి తాకుతుంది. అందువల్ల పైభాగానికి రక్షణగా మూత అమర్చగలిగారు.

రేవుల మధ్య కానరీ వార్ఫ్ కార్యాలయ సముదాయం లేచేసరికి చిన్న రైలు చాల్లేదు. 1991లో సొరంగం తవ్వి నగర నడిబొడ్డున ఉన్న బ్యాంక్ స్టేషన్‌తో కలిపారు. ఈ ఒక్క పొడిగింపుకే మొదటి మార్గం మొత్తానికి అయిన దానికంటే ఎక్కువ ఖర్చయింది. తొలి 11 బండ్లు సొరంగాల అగ్నిభద్రతా నిబంధనలకు సరిపడక జర్మనీలోని ఎసెన్ నగరానికి అమ్ముడయ్యాయి.

1990ల మధ్యలో సిగ్నల్ పద్ధతి మారింది. పట్టాల మధ్య పరిచిన కేబుల్ ద్వారా ప్రతి రైలూ తానెక్కడుందో కంట్రోల్ కంప్యూటర్‌కు తెలుపుతుంది. ముందు రైలు కదిలేకొద్దీ వెనుక రైలు ఎంతవరకు రావచ్చో మారుతుంటుంది. దీంతో బండ్లను దగ్గరదగ్గరగా నడపడం వీలైంది.

మార్గం 1994లో తూర్పున బెక్టన్‌కు, 1999లో థేమ్స్ అడుగు నుంచి లూయిషామ్‌కు, 2005లో సిటీ విమానాశ్రయానికి, 2009లో మళ్లీ నది కిందుగా వూలిచ్ ఆర్సెనల్‌కు, 2011లో స్ట్రాట్‌ఫర్డ్ ఇంటర్నేషనల్‌కు సాగింది. ఇప్పుడు పొడవు 38 కిలోమీటర్లు, స్టేషన్లు 45.

ఒక్క బండికి సరిపడా కట్టిన తొలి ప్లాట్‌ఫారాలను మొదట రెండు, తర్వాత మూడు బండ్లకు పొడిగించాల్సి వచ్చింది. భూగర్భంలోని కట్టీ సార్క్ స్టేషన్‌ను మాత్రం పెంచలేకపోయారు. అక్కడ ఆగిన పొడవాటి రైలు చివరి తలుపులు తెరుచుకోవు. చౌకగా కట్టడం వల్ల రైలు త్వరగా వచ్చింది, రేవులకు జనమూ వచ్చారు. ఆ జనానికి తగ్గట్టు మార్గాన్ని పెంచడానికే అసలు ఖర్చంతా అయింది.