14 కోర్లున్నా భారమంతా ఒక్కదానిమీదే ఎందుకు?

ప్రశ్న: నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో డై, మౌల్డ్ డిజైన్ చేస్తుంటాను. పాత 4 కోర్ల సిస్టమ్ తీసేసి 14 కోర్లది కొన్నాను. అయినా పెద్ద మోడల్‌లో ఒక్క కొలత మార్చి రీబిల్డ్ కొడితే గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాల్సి వస్తోంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే సీపీయూ వాడకం 5, 6 శాతం దగ్గరే ఉంటోంది. మిగతా కోర్లు ఏం చేస్తున్నట్టు?

జవాబు: ఏమీ చేయడం లేదు, ఖాళీగా ఉన్నాయి. మీరు చూసిన ఆ 5 శాతంలోనే అసలు సంగతి ఉంది. ఇంటెల్ ఐ5-13500 లాంటి 14 కోర్ల ప్రాసెసర్‌లో 6 పెద్ద కోర్లు, 8 చిన్న కోర్లు ఉంటాయి. పెద్దవి ఒక్కొక్కటి రెండేసి థ్రెడ్లు నడుపుతాయి కాబట్టి విండోస్ లెక్కలో మొత్తం 20. వందను ఇరవైతో భాగిస్తే 5. అంటే మీ రీబిల్డ్ ఒకే ఒక్క థ్రెడ్‌మీద నడుస్తోంది. ఆ కోరు మాత్రం ఊపిరాడకుండా పనిచేస్తోంది.

ఆ పనిని మిగతావాటికి పంచకూడదా? పంచలేరు. ముందు దిమ్మ వేస్తారు, అందులో పాకెట్ తీస్తారు, ఆ పాకెట్ అంచుకు ఫిల్లెట్ ఇస్తారు, ఫిల్లెట్ పక్కన రంధ్రం పెడతారు. పాకెట్ పూర్తి కానిదే అంచు పుట్టదు, అంచు లేనిదే ఫిల్లెట్ లేదు. మోడల్‌లో 300 ఫీచర్లుంటే దాదాపు అదే వరుసలో ఒకదాని తర్వాత ఒకటి లెక్క కట్టాలి. ఇలాంటి చోట పనికొచ్చేది కోర్ల సంఖ్య కాదు, ఒక్క కోరు వేగం. అందులో గిగాహెర్ట్జ్ ఒక భాగం, క్లాక్ ఒక్కసారి కొట్టుకునేలోగా ఆ కోరు ఎంత పని ముగిస్తుందన్నది రెండో భాగం. 2004 నాటి 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4 కన్నా నేటి 3 గిగాహెర్ట్జ్ కోరు ఎంతో వేగంగా ఉండటానికి కారణం ఈ రెండోదే. షాపుల్లో దీని ఊసెత్తేవాళ్లు తక్కువ.

అలాంటప్పుడు ఒకే కోరును 10 గిగాహెర్ట్జ్‌తో నడిపితే పోయేది కదా? 2000 ప్రాంతంలో ఇంటెల్ కలా అదే. కరెంటు దగ్గర తేడా కొట్టింది. చిప్ తాగే విద్యుత్తు ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, వోల్టేజ్ వర్గంతోనూ పెరుగుతుంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజ్ కూడా పెంచక తప్పదు. ఉదాహరణకు ఒక కోరు 1 వోల్టు దగ్గర 3 గిగాహెర్ట్జ్ ఇస్తోందనుకుందాం. 4కు ఎక్కించడానికి 1.25 వోల్టులు కావాల్సి వస్తే వేగం పెరిగేది మూడో వంతు, విద్యుత్తు మాత్రం రెట్టింపు దాటుతుంది. అదే కోరును 0.8 వోల్టుకు దించి 2 గిగాహెర్ట్జ్‌తో నడిపితే మొదటి ఖర్చులో 43 శాతం చాలు. అలాంటివి రెండు పక్కపక్కన పెట్టండి. కాగితంమీద మొత్తం మళ్లీ 4 గిగాహెర్ట్జ్, ఖర్చు చూస్తే ఆ ఒంటి కోరు తాగేదాంట్లో సగం కూడా కాదు. కోర్లు పెరగడానికి మూలం ఈ లెక్కే.

అంతకుముందు ఈ చిక్కు ఎందుకు రాలేదంటే, ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ దాని వోల్టేజ్ కూడా తగ్గుతూ వచ్చింది. రాబర్ట్ డెనార్డ్ బృందం 1974లో చూపించిన సూత్రమిది. వోల్టేజ్ 1 వోల్టు దరిదాపులకు వచ్చాక ఇంకా తగ్గిస్తే ట్రాన్సిస్టర్లు ఆపినప్పుడు కూడా కరెంటు కారిపోవడం మొదలైంది. పెంటియం 4 వేడి 115 వాట్లకు చేరింది. 4 గిగాహెర్ట్జ్ మోడల్‌ను 2004 అక్టోబరులో ఇంటెల్ రద్దు చేసుకుంది. 2005లో ఇంటెల్, ఏఎండీ రెండూ డెస్క్‌టాప్‌కు రెండు కోర్ల చిప్‌లు తెచ్చాయి.

మీ వర్క్‌షాప్ నుంచి హబ్సిగూడ వైపు వెళితే ఉప్పల్ రోడ్డులోనే మీ అవసరానికి పూర్తి భిన్నమైన పని కనిపిస్తుంది. 1961లో మొదలైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో చేసే సీస్మిక్ తరంగాల ప్రాసెసింగ్ లాంటిది చూడండి. ఒక్కో షాట్ (భూమిలోకి పంపిన కృత్రిమ కంపనం) రికార్డును చాలావరకు విడివిడిగా లెక్కించవచ్చు, ఒకదానికోసం ఇంకొకటి ఆగదు. ఉప్పల్‌లోని డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ లాంటి చోట డీఎన్‌ఏ తునకలను జీనోమ్‌తో సరిపోల్చే పనీ అంతే. కోట్ల తునకలుంటాయి, దేనికి అదే. అక్కడ 64 కోర్లిచ్చినా పని దొరుకుతుంది. కాకపోతే కోర్లన్నీ ఒకేసారి మెమరీనుంచి డేటా అడిగితే సాయంత్రం ఆరింటికి ఉప్పల్ రింగురోడ్డులా దారి బిగుసుకుపోతుంది. సర్వర్లలో మెమరీ ఛానళ్లు ఎక్కువగా పెట్టేది అందుకే.

విడదీయగలిగిన పనిలో కూడా కొంత వరుసగా చేయాల్సింది మిగిలిపోతుంది. దాని ప్రభావాన్ని జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పాడు. పనిలో పదో వంతు విడదీయలేనిదైతే 8 కోర్లతో వచ్చే వేగం 4.7 రెట్లు, 16 కోర్లతో 6.4 రెట్లు. వెయ్యి పెట్టినా 10 దాటదు. 8 నుంచి 16కు పోవడానికి పెట్టిన డబ్బు ఎంత ఫలితమిచ్చిందో మీరే చూడండి.

ఇక చిన్న కోర్ల సంగతి. ఫోన్లలో పెద్దా చిన్నా కోర్లు కలిపే పద్ధతిని ఆర్మ్ 2011లో ప్రకటించింది, ఇంటెల్ 2021లో పీసీల్లోకి విస్తృతంగా తెచ్చింది. చిన్న కోరు నెమ్మది, కానీ తక్కువ చోటులో ఇముడుతుంది, వాట్‌కు ఎక్కువ పని ఇస్తుంది. కాబట్టి డబ్బామీద 14 అని ఉంటే 14 సమానమైన కోర్లని అనుకోకండి.

కొనేముందు ఎక్కువమంది చూడని అంకె వాట్లది. ఐ5-13500మీద 65 వాట్లని రాసి ఉంటుంది. టర్బోలో అది 154దాకా పోగలదు. ఐ9-13900కె అయితే 125 అని రాసుకుని 253 దాకా లాగుతుంది. మామూలు 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది చాలావాటిలో 360 వాట్లే. దానిమీద ఈ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిపి పెడితే కరెంటు పోగానే అదీ కీచుమని చేతులెత్తేస్తుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద ఇంకో తలనొప్పి. చిప్ వేడి 100 డిగ్రీలకు చేరువైతే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. మీరు డబ్బిచ్చి కొన్న 4.8 గిగాహెర్ట్జ్ అప్పుడు కాగితంమీదే ఉంటుంది. అలాంటి గదిలో ఖరీదైన ప్రాసెసర్ కన్నా మంచి కూలర్ కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

14 కోర్లకు పెట్టిన డబ్బు వృథా పోయిందని బాధపడనక్కర్లేదు. మౌల్డ్‌లో ప్లాస్టిక్ ఎలా పారుతుందో చూసే అనాలిసిస్, రెండరింగ్, క్యామ్‌లో కొన్ని టూల్‌పాత్ లెక్కలు కోర్లన్నిటినీ వాడుకుంటాయి. ఏ పని ఎటువైపో తేలాలంటే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి, సీపీయూ గ్రాఫ్‌మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లు ఎంచుకోండి. 20 చిన్న గడులు వస్తాయి. ఒకటో రెండో మాత్రమే లేస్తూ మిగతావి నేలకు అంటుకుని ఉంటే అది ఒంటి కోరు పని. విండోస్ ఆ పనిని ఒక కోరు నుంచి ఇంకోదానికి మారుస్తుంటుంది కాబట్టి గీత గడి మారినా కంగారుపడకండి. 20 గడులూ నిండిపోతే మాత్రం ఈసారి సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లినప్పుడు ఎక్కువ కోర్లు అడగండి.