ల్యాబులో యాసిడ్ ఉంది... కుళాయిలో నీళ్ళు లేవు!

ప్రాక్టికల్ పరీక్షల రోజులు దగ్గరపడితే పల్లెల్లోని జూనియర్ కళాశాలల్లో ఓ గది తాళం తీస్తారు. కెమిస్ట్రీ ల్యాబు అది. తలుపు తెరవగానే ఘాటు వాసన ముక్కుపుటాలు అదరగొడుతుంది. బల్లల మీద వేలెడు మందాన దుమ్ము. ఇనుప స్టాండ్లు, కిటికీ చువ్వలు, చివరికి తలుపు గొళ్ళెం కూడా తుప్పు పట్టి ఉంటాయి. వాన తడికి పట్టిన తుప్పు కాదది. మూత సరిగా బిగించని హైడ్రోక్లోరిక్ యాసిడ్ సీసా నెలల తరబడి వదిలిన ఆవిరి చేసిన పని. ఇనుమునే తినేసిన ఆ గాలిలో నలభై మంది పిల్లలు మూడు గంటలపాటు నిలబడి పరీక్ష రాయాలి.

చాలాచోట్ల ల్యాబ్ అటెండరు రిటైరైతే ఆ పోస్టు మళ్ళీ భర్తీ కాలేదు. స్వీపరో, వాచ్‌మనో ఆ పని కూడా చూసుకుంటున్నారు. సీసాల మీద పేర్లన్నీ ఇంగ్లీషులోనే. చదవటం రానివాళ్ళకు మూత రంగు, సీసా ఆకారమే గుర్తు. మూతలు తారుమారైతే ఇక చెప్పేదేముంది! పాతికేళ్ళు ల్యాబులో చేసిన అటెండర్ల చేతులు చూస్తే చాలు, ఆ గది కథ తెలిసిపోతుంది. నైట్రిక్ యాసిడ్ తగిలినచోట పసుపు మచ్చలు, సిల్వర్ నైట్రేట్ తగిలినచోట నల్ల మచ్చలు. చర్మం ఊడి కొత్త చర్మం వచ్చేదాకా సబ్బుతో ఎంత రుద్దినా అవి పోవు.

పిల్లలు రాకముందే...

అసలు ప్రమాదం పిల్లలు రాకముందే ఉంటుంది. పర్మాంగనేటు టైట్రేషన్ సంగతే తీసుకుందాం. ఒక్కో విద్యార్థి 20 మి.లీ. మోర్ లవణం ద్రావణం తీసి, దానికి అంతే సజల సల్ఫ్యూరిక్ యాసిడ్ కలపాలి. మూడుసార్లు చేస్తే తలా 60 మి.లీ. యాసిడ్. నలభై మంది బ్యాచ్‌కు 2,400 మి.లీ. ఒలికేది, వృథా అయ్యేది కలుపుకొని రెండున్నర లీటర్లు ఉండాలి. బజార్లో దొరికే గాఢ యాసిడ్ 36 నార్మల్ ఉంటుంది. 4 నార్మల్ ద్రావణం కావాలంటే అందులోంచి సుమారు 280 మి.లీ. తీసి పలచన చేయాలి. ఈ పని తెల్లవారుజామున ఒక్కడే కూచుని చేస్తాడు అటెండరు. కళ్ళకు అద్దాలు ఉండవు, చేతికి తొడుగు ఉండదు.

ఇక్కడ ఒక్కటే సూత్రం. నీళ్ళలో యాసిడ్ పోయాలి. యాసిడ్‌లో నీళ్ళు పోయకూడదు. ఏళ్ళ తరబడి పాఠంలో చదువుతున్నదే అయినా ఎందుకో చెప్పమంటే తడుముకునే వాళ్ళే ఎక్కువ. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ నీళ్ళకన్నా దాదాపు రెండింతలు బరువు. లీటరు తూచితే కిలో 840 గ్రాములు తూగుతుంది. దానిమీద నీళ్ళు పోస్తే అవి కిందికి దిగవు, పైనే తేలతాయి. రెండూ కలిసేచోట పుట్టే వేడికి పైనున్న నీళ్ళు చప్పున మరిగిపోతాయి. కాగిన నూనెలో తడి గరిటె పెడితే చిటపటలాడినట్టు యాసిడ్ ఎగిరి మొహాన పడుతుంది. అదే నీళ్ళలో యాసిడ్ సన్నధారగా పోస్తే అది అడుక్కి దిగుతుంది. చుట్టూ ఉన్న నీళ్ళు వేడిని పంచుకుంటాయి.

అయితే ఈ సూత్రం ఒక్కటే తెలిస్తే సరిపోదు. పోసే పాత్ర కూడా ముఖ్యం. వేడికి తట్టుకునే గాజు బీకరే కావాలి. మామూలు సీసాలోగాని, కొలజాడీలోగాని కలిపితే గాజు పగిలి యాసిడ్ అంతా కాళ్ళమీదికి వస్తుంది. ప్లాస్టిక్ బకెట్ వేడికి మెత్తబడుతుంది. బీకరును చల్లటి నీళ్ళ తొట్టెలో నిలబెట్టి, గాజుకడ్డీతో తిప్పుతూ కొద్దికొద్దిగా పోయాలి. మధ్యలో ఆగి చల్లారనివ్వాలి. చల్లారకముందే సీసాకెత్తి మూత బిగించకూడదు. తొందర పనికిరాని పని. ఉదయం తొమ్మిదింటికి పరీక్షయితే ముందురోజు సాయంత్రమే, ఇద్దరు మనుషులు దగ్గరుండగా చేసుకోవటం మేలు.

యాసిడ్ రెండున్నర లీటర్ల సీసాలో వస్తే లోపలి సరుకే నాలుగున్నర కిలోలు దాటుతుంది. మెడ పట్టుకుని వేలాడదీసుకుపోయేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు. అడుగున రెండో చెయ్యి ఉండాలి. గట్టి ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టి తీసుకుపోతే ఇంకా నయం.

నోటితో పీల్చే పిపెట్

నలభై మందికి రబ్బరు బల్బులు నాలుగు ఉంటే గొప్ప. మిగతావాళ్ళు పిపెట్‌ను నోట పెట్టుకుని గుటక వేసినట్టు పీల్చాల్సిందే. ద్రావణం గీత దాకా వచ్చిందా లేదా అని చూస్తుండగానే అడుగు కొస ద్రావణం పైకి తేలితే గాలితోపాటు ద్రావణం జివ్వున నోట్లోకి ఎక్కుతుంది. అది ఆక్సాలిక్ యాసిడ్ కావచ్చు. పుల్లగా ఉంటుంది గాని విషం, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సీనియర్లు నేర్పారు కాబట్టి జూనియర్లు చేస్తున్నారు. చేసే గురువుల్ని చూసి శిష్యులూ చేస్తున్నారు. నోటితో పీల్చటం పూర్తిగా మానాలన్నదే నేటి ప్రయోగశాలల పద్ధతి. రబ్బరు బల్బు కొనటానికి నిధులు లేవనే మాట ఎవరు చెప్పినా నమ్మదగ్గది కాదు.

లవణ పరీక్షలో మరో చిక్కు. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసి పరీక్షనాళిక వేడిచేస్తే ఒకటి తెల్లటి పొగ, ఒకటి గోధుమరంగు పొగ. నాళిక మూతి ఎటు ఉందో చూసుకునేవాడు లేడు. ఎదురుగా నిలబడ్డ అమ్మాయి కళ్ళలోకే అది చిమ్మవచ్చు. వాసన చూడమన్నప్పుడు నాళికను ముక్కు కిందే పెట్టేసుకుంటారు. దూరంగా పట్టుకుని, చేత్తో గాలిని కొద్దిగా ముక్కువైపు విసరాలి. కుళ్ళిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో ఇంకో మోసం ఉంది. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కంపు తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే సమయానికి అసలు ముప్పు మొదలవుతుంది. అందుకే కిప్ జాడీని విషవాయువులను బయటికి లాగే పొగ అలమరలో పెట్టమంటారు. చాలా కళాశాలల్లో ఆ అలమర ఉంది. అందులో పాత జవాబు పత్రాల కట్టలు, కాలు విరిగిన కుర్చీలు ఉన్నాయి.

అమ్మాయిల జడలు, చున్నీలు ముడివేసుకోవాలి. హవాయి చెప్పులతో రాకూడదు. నూలు కోటు ఉంటే మంచిది, లేకుంటే నూలు బట్టలు. నైలాన్, పాలిస్టర్ బట్ట మంటకు కరిగి ఒంటికి అంటుకుపోతుంది. చూపు కోసం పెట్టుకునే కళ్ళద్దాలు పక్కల తెరిచి ఉంటాయి కనుక అవి రక్షణ కావు.

ముందు నీళ్ళు

ఇంత చేసినా ఒక్కోసారి జరగరానిది జరుగుతుంది. అప్పుడు మందు ఒక్కటే. నీళ్ళు. కంట్లో పడితే రెప్పలు విప్పి పట్టుకుని, ధారగా, కనీసం 15 నుంచి 20 నిమిషాలు కడగాలి. గడియారం చూసి కడగాలి. రెండు నిమిషాలకే పిల్లవాడు నొప్పి తగ్గిందంటాడు, వదలకూడదు. ముఖ్యంగా సోడియం హైడ్రాక్సైడ్ వంటి క్షారం పడితే. యాసిడ్ చాలావరకు పైపొరను కాల్చి ఆగుతుంది. క్షారం కణజాలాన్ని కరిగించుకుంటూ లోపలికి పోతుంది. తాంబూలం సున్నం కంట్లో పడి చూపు పోగొట్టుకున్న పసివాళ్ళ సంగతి పల్లెల్లో తెలియనిది కాదు.

అసలు సమస్యల్లా ఆ నీళ్ళే. ల్యాబులో సింకు ఉంటుంది, కుళాయి ఉంటుంది, తిప్పితే గాలి వస్తుంది. మేడమీద ట్యాంకుకు మోటారు వేయాలంటే కరెంటు ఉండాలి, బోరులో నీళ్ళు ఉండాలి. ఒక మూల డ్రమ్ము, దానిమీద ఓ మగ్గు ఉంటే అదే గొప్ప ఏర్పాటు. ఇరవై నిమిషాల ధారకు రెండు మగ్గుల నీళ్ళు ఏమూలకు? కుళాయి రాని రోజున యాసిడ్ సీసా మూత తీయకూడదని ఏ ప్రిన్సిపాలైనా నోటీసు బోర్డులో పెడితే, ఆ కళాశాలలో సగం ప్రమాదాలు తప్పినట్టే.

బట్టలమీద పడితే ఆ బట్టలు అప్పటికప్పుడు తీసేయాలి. ఆడపిల్లలు సిగ్గుపడి అలాగే ఉండిపోతారు, బట్ట కింద చర్మం కాలిపోతూనే ఉంటుంది. తోటి అమ్మాయిలు చుట్టూ చున్నీలు అడ్డం పట్టి నిలబడితే క్షణంలో అయ్యే పని. అబ్బాయిలను బయటికి పంపాల్సింది మేడం గారు. కాలినచోట సిరా పూయటం, పళ్ళపొడి, పసుపు, కొబ్బరినూనె రాయటం ఇప్పటికీ చూస్తున్నాం. ఏదీ పనికిరాదు. యాసిడ్ పడిందని దానిమీద సోడా, క్షారం పడిందని దానిమీద వెనిగర్ పోయటమూ మంచిది కాదు. ఆ రెండూ కలిసేటప్పుడు పుట్టే వేడి కూడా చర్మాన్నే కాలుస్తుంది. పొరపాటున మింగితే బలవంతాన వాంతి చేయించకూడదు. దిగేటప్పుడు గొంతు కాల్చింది ఎక్కేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. నోరు పుక్కిలించి, 108కి ఫోన్ చేసి, మింగింది ఏమిటో తెలిసేలా సీసా మీది పేరు రాసి డాక్టరు దగ్గరికి పంపాలి.

నేలమీద ఒలికితే ఇసుక, ఆపైన చాకలి సోడా. రంపపు పొట్టు చల్లే అలవాటు కొన్నిచోట్ల ఉంది. నైట్రిక్ యాసిడ్ మీద పొట్టు చల్లితే అంటుకోవచ్చు. సింకు శుభ్రం చేద్దామని యాసిడ్ పోసినచోటే బ్లీచింగ్ పౌడరు చల్లితే క్లోరిన్ వాయువు లేస్తుంది. ఊపిరితిత్తులకు అది ఎంత చేటో చెప్పనక్కరలేదు.

తాళంచెవి ఎవరి దగ్గర?

ల్యాబు లోపలి భయం ఇలా ఉంటే, బయటి భయం మరొకటి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద జరిగిన యాసిడ్ దాడి తెలుగునాట ఎవరూ మరవలేనిది. తెలంగాణలో తేజాబ్ అన్నా, ఇటు యాసిడ్ అన్నా ఆ సీసా ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. 2013 జులై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వులో దుకాణాలతోపాటు కళాశాలలకూ చెప్పవలసింది చెప్పింది. యాసిడ్ వాడకానికి ఒక రిజిస్టరు రాయాలి, దాన్ని సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే మన వాడుకలో ఆర్డీవోకు, దాఖలు చేయాలి. భద్రతకు ఒక వ్యక్తిని జవాబుదారీ చేయాలి. ల్యాబు నుంచి బయటికి వెళ్ళే విద్యార్థులను, సిబ్బందిని తప్పనిసరిగా తనిఖీ చేయాలి. తాళంచెవి గుమస్తా బల్ల సొరుగులో అందరికీ అందేలా ఉన్నచోట ఈ రిజిస్టరు సంగతి అడగటం అనవసరం.

అలమరలో సర్దుబాటు కూడా చూడాలి. యాసిడ్లు ఎప్పుడూ అడుగు అరలో, ప్లాస్టిక్ ట్రేలో ఉండాలి. తలకన్నా ఎత్తున పెడితే దించేటప్పుడు మొహాన పడతాయి. నైట్రిక్ యాసిడ్ పక్కన స్పిరిట్, ఎసిటోన్ పెట్టకూడదు. అమ్మోనియా సీసాను హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు దూరంగా ఉంచాలి. ఈ రెండూ పక్కపక్కన ఉంటే అలమరంతా తెల్లటి పొడి పేరుకుంటుంది. లిక్కర్ అమ్మోనియా ఎండాకాలంలో మరీ ప్రమాదం. సీసాలో ఒత్తిడి పెరిగి మూత తీయగానే చిమ్ముతుంది. చల్లటి నీళ్ళలో కాసేపు ఉంచి, మూతమీద తడిగుడ్డ వేసి, మొహం పక్కకు తిప్పి తీయాలి.

పేర్లు తెలుగులో కూడా రాసి అంటిస్తే ఖర్చయ్యేది కాగితం, జిగురు మాత్రమే. 'సల్ఫ్యూరిక్ యాసిడ్, గాఢం, ఒళ్ళు కాలుస్తుంది' అని రాసి, కొన్న తేదీ వేస్తే చదవటం వచ్చిన వాచ్‌మనుకూ అర్థమవుతుంది. చదవటం రాని వాళ్ళకు ఎర్ర గీతల చతురస్రంలో చేతిమీద కారుతున్న చుక్కల బొమ్మ ఉంది. ఇప్పుడు వచ్చే సీసాల మీద అది ఉంటుంది. చూపించి చెప్పేవాళ్ళు కావాలి, అంతే. కూల్‌డ్రింక్ సీసాల్లో ద్రావణాలు పోసి ఉంచటం మాత్రం ఇవాళే మానేయాలి. దాహంతో వచ్చిన పిల్లవాడికి అది మంచినీళ్ళలాగే కనపడుతుంది.

ఇక పరీక్షలయ్యాక మిగిలిన ద్రావణాలు. అన్నీ సింకులో పోస్తారు. అది వెనక కాలవలోకి, అక్కణ్ణుంచి పశువులు నీళ్ళు తాగే గుంటలోకి పోతుంది. పలచటి యాసిడ్‌ను చాకలి సోడాతో నురగ ఆగేదాకా విరిచి, బోలెడు నీళ్ళతో వదలవచ్చు. సీసం, పాదరసం, బేరియం, క్రోమేటు ఉన్నవి అలా వదలకూడదు. వేరే డబ్బాలో పేరు రాసి నిలవచేసి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే వారికి అప్పగించాలి. గాజు సామాను కడగటానికి వాడిన క్రోమిక్ యాసిడ్ కూడా ఈ కోవలోదే. అది కేన్సరు కారకం.

ప్రతి ల్యాబులోనూ వెనక అరలో పేర్లు చెరిగిపోయిన సీసాలు కొన్ని ఉంటాయి. ఆవిరికి కాగితం పసుపురంగు తిరిగి పొడి అయిపోయి ఉంటుంది. లోపల ఉన్నదేమిటో పాత లెక్చరరుకే తెలుసు, ఆయన బదిలీ అయి ఎన్నాళ్ళో అయింది. వాటిని వాసన చూడటం, పారబోయటం రెండూ తప్పే. విడిగా పెట్టి, 'పేరు తెలియదు, తాకవద్దు' అని రాయాలి. పరీక్షలైపోయి గదికి తాళం పడేలోగా ఆ పని జరగకపోతే అవి ఏప్రిల్, మే నెలలు మూసిన కిటికీల వెనక 45 డిగ్రీల ఎండలో ఉడుకుతాయి. మళ్ళీ తాళం తీసేది కొత్త బ్యాచ్ వచ్చాకే.